పేరు రాసుకోని ప్రార్థన

ఘాజియాబాద్‌లో వైశాలి మెట్రో స్టేషన్ మెట్ల కింద చలికాలమంతా ఒకావిడ పల్లీలు అమ్ముతుంది. పల్లీల కుప్ప నడిబొడ్డున చిన్న మట్టికుండ పెట్టి అందులో నిప్పులు వేస్తుంది. కుప్ప వేడిగా ఉంటుంది, ఆ పొగ వాసనకే దారినపోయేవాళ్ళు ఆగుతారు. ఒక జనవరి సాయంత్రం నేనూ అలా ఆగినవాణ్ణే. నా వెనకాల నలుగురు తెలుగు కుర్రాళ్ళు వచ్చి నిలబడ్డారు. మాట యాసను బట్టి గుంటూరు వైపువాళ్ళు. చర్చి యువజనుల బృందం, వారం రోజుల మిషన్ ట్రిప్. అందరి మీదా కొత్తగా కొన్న స్వెటర్లు, మడత గీతలు ఇంకా పోలేదు.

వాళ్ళలో కాస్త హిందీ వచ్చినవాడు ముందుకొచ్చి, ‘ఆంటీజీ, మీ కోసం ప్రార్థన చెయ్యమంటారా?’ అని అడిగాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి ‘కర్ దో బేటా’ అంది. మోకాళ్ళ నొప్పి అని చెప్పింది, కొడుక్కి పని దొరకడం లేదని చెప్పింది. కుర్రాడి హిందీ మోకాళ్ళ దగ్గరే అయిపోయింది. మిగతాది తెలుగులో అందుకున్నాడు. ఆవిడ శాలువా అంచు తలమీదికి లాక్కుని, నిప్పుల కుండ ముందు చేతులు జోడించి నిలబడింది. ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా మధ్యలో కొడుకు పేరు వినబడ్డప్పుడు తల ఊపింది. ఆమేన్ అయ్యాక పావుకిలో పల్లీలు పొట్లం కట్టి కుర్రాడి చేతిలో పెట్టింది, డబ్బులు తీసుకోలేదు.

అక్కడితో వెళ్ళిపోయి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. రెండో కుర్రాడు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి పేరు, ఫోన్ నంబరు అడిగాడు. ఆవిడ మొహం ఠక్కున మూసుకుంది. ‘నంబరెందుకు?’ అంది. అతను తడబడ్డాడు. ఆవిడ ఏదో చెప్పింది, అతను రాసుకున్నాడు. పక్కనుంచి లెక్కపెట్టాను, తొమ్మిదే అంకెలు.

ముక్కూ మొహం తెలియని మనిషి కోసం వీధిలో నిలబడి ప్రార్థించడం మంచి పనా, కాదా అని వాదించేవాళ్ళు సాధారణంగా రెండు జట్లు. మా దేవుడు ఆజ్ఞాపించాడు అనేది ఒకటి, ఇదంతా మతమార్పిడికి ముసుగు అనేది రెండోది. నేను చర్చి పెంపకంలో పెరిగినవాణ్ణి, ఢిల్లీ పక్కన చాలా ఏళ్ళుగా బతుకుతున్నవాణ్ణి. ఈ రెండు జట్లూ చూడాల్సిన చోట చూడటం లేదని నా అభిప్రాయం. ఆవిడ ప్రార్థనకు అభ్యంతరం చెప్పలేదు, నోట్‌బుక్‌కు చెప్పింది. గొడవంతా ఆ రెంటి మధ్య ఉన్న సందులో ఉంది. ఆ సందు ఎప్పుడు, ఎలా ఏర్పడిందో తెలియాలంటే ఘాజియాబాద్ నుంచి ఒకసారి ఒంగోలు వెళ్ళి రావాలి.

1854 జనవరి 1, తెల్లవారుజాము. ఒంగోలు ఊరి పక్కన కొండెక్కి ఐదుగురు మోకరించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. కింద ఊరు నిద్రలో ఉంది. ఆ ఊళ్ళో వాళ్ళకు తెలిసినవాళ్ళు దాదాపు లేరు. ఊరికొక మిషనరీని పంపమని ప్రార్థించి దిగి వచ్చారు. ఆ చోటును ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. తెలుగు క్రైస్తవుల జ్ఞాపకంలో అపరిచితుల కోసం చేసిన ప్రార్థనల్లో అంత పేరున్నది మరొకటి లేదు. అందులో ఎవరి తలమీదా ఎవరూ చెయ్యి పెట్టలేదు, ఎవరి పేరూ రాసుకోలేదు. ఊరివాళ్ళకు ఆ సంగతే తెలియదు. ఈ రోజుల్లో ‘ప్రార్థన నడక’ అని బృందాలు వీధుల వెంట మౌనంగా నడుస్తూ ప్రార్థిస్తున్నాయి. 1993లో స్టీవ్ హాథార్న్, గ్రాహం కెండ్రిక్ ఆ పద్ధతి మీద రాసిన పుస్తకం ప్రపంచమంతా తిరిగింది. జ్యూయెట్ దంపతులు కొండ మీద చేసిన పనిని వీళ్ళు రోడ్డు మీదికి దించారు, అంతే.

పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, ఒంగోలుకు జాన్ క్లౌ వచ్చాడు. క్లౌదొర కథలో నాకు 2,222 అనే అంకె కన్నా దాని ముందరి విరామం ముఖ్యం. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని ఆయన కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని ఇచ్చాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళు బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని, సహాయం జరుగుతున్నన్నాళ్ళూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే తలుపు తీశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ విరామం సరిపోయిందా, అన్నం పెట్టిన చేతిని జనం అంత తొందరగా మరిచిపోతారా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్కించుకుంటూనే ఉన్నారు. తర్కించుకోవాలి కూడా. కానీ ‘ప్రలోభం’ అనే మాట ఏ చట్టంలోనూ లేని రోజుల్లో ఒక మిషనరీ తనకు తానే ఆ ప్రశ్న వేసుకుని కొంతకాలం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా బృందాలకు ట్రైనింగుల్లో అంకె చెబుతారు, విరామం సంగతి చెప్పరు.

తర్వాతి మజిలీ దోర్నకల్. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తమిళుడు, తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ళ మధ్యనే జీవితం గడిపాడు. ఆయన డయాసిస్‌లో ఏటా ‘సాక్ష్య వారం’ జరిగేది. పాలేర్లు, కూలీలు, అప్పుడే అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు గుంపులుగా పాటలు పాడుకుంటూ పక్క ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు. ఇప్పటి మిషన్ ట్రిప్‌కు మన దేశంలో దీన్ని ముత్తాత అనుకోవచ్చు. కాకపోతే ఒక తేడా ఉంది. ఆ వారంలో వెళ్ళింది పక్క ఊరికి. అక్కడి చెరువు వీళ్ళకూ తెలుసు, అక్కడి దొరతనం వీళ్ళకూ తెలుసు. సోమవారం మళ్ళీ అదే పొలంలో కలుసుకోవాలి. తప్పుగా మాట్లాడితే తప్పించుకుని వెళ్ళడానికి రైలు లేదు.

అజరయ్య మీద గాంధీకి కోపం ఉండేది. అంటరాని కులాలవాళ్ళను గుంపులుగా మతంలో కలుపుకోవడాన్ని గాంధీ 1930ల్లో గట్టిగా ఎదిరించాడు. సేవ చెయ్యండి, దానికి మతాన్ని తగిలించకండి అనేది ఆయన వాదం. ఆ కలిసినవాళ్ళు తమంతట తాము ఆలోచించి నిర్ణయం తీసుకోగల మనుషులు కారా అనేది అటువైపు ప్రశ్న. తొంభై ఏళ్ళైంది. ఇవాళ్టి టీవీ చర్చల్లో ఇంతకన్నా కొత్తమాట ఒక్కటి వినబడితే చెప్పండి.

ఇక భక్త సింగ్. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో క్రీస్తును నమ్మి, 1933లో తిరిగి వచ్చి కరాచీ వీధుల్లో ప్రకటించడం మొదలుపెట్టినవాడు. చివరికి హైదరాబాదులో హెబ్రోను మందిరం ఆయనకు ఇల్లయింది. 2000 సెప్టెంబరులో అక్కడే పోయాడు. వాక్యాలు రాసిన బ్యానర్లు పట్టుకుని వరసగా నడిచే ఊరేగింపులు ఆయన సంఘాల ద్వారానే తెలుగు పట్టణాలకు బాగా అలవాటయ్యాయి. ‘సువార్త దండయాత్ర’ అనే మాట కూడా ఆ వాతావరణంలో స్థిరపడింది. పలికేవాళ్ళకు అందులో కత్తులేమీ కనిపించవు, చిన్నప్పటి నుంచి వింటున్న మాట. కానీ చరిత్ర పుస్తకంలో గజనీ మహమ్మద్ చేసింది కూడా దండయాత్రే కదా. ఘాజియాబాద్‌లో ఆ మాటను హిందీలోకి మార్చి కరపత్రం మీద వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ‘ప్రార్థన యోధులు’, ‘ఆత్మల కోత’, ‘ప్రాంతాన్ని స్వాధీనం చేసుకోవడం’ లాంటివీ ఈ సంచిలోవే. మనలో మనం అనుకునే మాటలు వాట్సాప్ దాటి బయటికి పోయిన రోజున వాటి అర్థం మన చేతిలో ఉండదు.

పంజాబు నుంచి తెలుగు నేలకు వచ్చిన సువార్త ఇప్పుడు తిరుగు ప్రయాణంలో ఉంది. ఈ దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే దారి వేసింది తమిళులు. అజరయ్యే 1903లో తిరునెల్వేలిలో ఒక మిషనరీ సంఘాన్ని, 1905లో జాతీయ మిషనరీ సంఘాన్ని మొదలుపెట్టినవారిలో ఉన్నాడు. తర్వాత ఫ్రెండ్స్ మిషనరీ ప్రేయర్ బాండ్ వచ్చింది. దాని పేరులోనే కిటుకంతా ఉంది. ఊళ్ళో పదిమంది ప్రార్థన గుంపుగా కూడి, తలా కొంత వేసుకుని, ఉత్తరాదిన ఒక మనిషిని పోషిస్తారు. వెళ్ళినవాడు భాష నేర్చుకుని, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాడు. 1960ల నుంచి ఆపరేషన్ మొబిలైజేషన్ బృందాలు వాహనాల్లో పుస్తకాలు, కరపత్రాలు వేసుకుని ఉత్తర భారతమంతా తిరిగాయి. ఆ సంస్థకు హైదరాబాదు కేంద్రమైంది. 1989లో మనీలా సభలో లూయీ బుష్ ముందుకు తెచ్చిన ఆలోచనకే తర్వాత ‘10/40 కిటికీ’ అనే పేరు వచ్చింది. భూమధ్యరేఖకు ఉత్తరాన 10 నుంచి 40 డిగ్రీల అక్షాంశాల మధ్య సువార్త అందని జనం ఎక్కువ అని దాని సారం. ఆ పటం మన చర్చి గోడల మీదికెక్కింది. అప్పటి నుంచి తెలుగు విశ్వాసి నోట ‘నార్త్ ఇండియా భారం’ అనే మాట పుట్టింది. భారం అంటే బరువు కాదు, ఆ జనం కోసం గుండెల్లో మోసే తపన. ఆ మాట నాకిష్టం. ఇష్టం కాబట్టే వారం రోజులకు తగ్గట్టు దాన్ని ప్యాకేజీ చేస్తుంటే చిరాకేస్తుంది.

సరే, ఘాజియాబాద్ ఎలాంటి ఊరు? మీరట్ జిల్లాలోంచి 1976 నవంబరు 14న విడదీసి కొత్త జిల్లా చేశారు. 2011 జనాభా లెక్కల్లో జిల్లాలో 46.8 లక్షల మంది. అదే లెక్కల్లో ఉత్తరప్రదేశ్ మొత్తం మీద క్రైస్తవులు 3.56 లక్షలు, అంటే 0.18 శాతం. హిండన్ వైమానిక స్థావరం, భారత్ ఎలక్ట్రానిక్స్, పక్కనే నోయిడా ఐటీ ఆఫీసులు, వాటి చుట్టూ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. మన తెలుగువాళ్ళూ ఆ కొలువుల్లో ఉన్నారు. ఆదివారం ఎక్కడో అద్దె హాల్లో కూడి తెలుగులో ఆరాధన చేసుకుని, తర్వాత ఒకరి డబ్బాలో పులిహోర ఇంకొకరు పంచుకు తింటారు. ఇంకోవైపు ఖోడా లాంటి కాలనీలు. బీహారు నుంచి, పూర్వాంచల్ నుంచి వచ్చిన కూలీలు గది పక్కన గదిగా, గాలాడని గల్లీల్లో. పొద్దున్నే లేబర్ చౌక్‌లో పని కోసం నిలబడే జనం. మిషన్ బృందాలు ఎక్కువగా వెళ్ళేది వీళ్ళ దగ్గరికే. అపార్టుమెంటు గేటు దాటి లోపలికి పోయి ‘మీ కోసం ప్రార్థన చెయ్యమంటారా’ అని అడిగిన బృందాన్ని నేనింతవరకు చూడలేదు. గేటు దగ్గర గార్డు ఆపుతాడు. పేదవాడికి గేటు లేదు, అందుకే వాడి నొప్పి అందరికీ అందుబాటులో ఉంటుంది.

ఈ నేలకు క్రైస్తవం కొత్త కాదు. మెథడిస్టు మిషన్ ఒక శతాబ్దం కిందటే మీరట్ చుట్టుపక్కల పారిశుద్ధ్య పని చేసే కులాల మధ్య పెద్ద ఎత్తున పనిచేసింది, గుంపులు గుంపులుగా వచ్చి చేరారు. దానికి జవాబుగా ఆర్య సమాజం, వాళ్ళను తిరిగి హిందూ మతంలో కలుపుకునే శుద్ధి ఉద్యమం నడిపింది. ఊళ్ళోని ఇంగ్రాహం ఇన్‌స్టిట్యూట్ ఆ మెథడిస్టు కాలపు గుర్తే. ఇంకా చిత్రమైనది మీరట్ దాటాక సర్ధనా చర్చి. బేగం సమ్రూ అనే రాణి పంతొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో కట్టించింది, 1961లో దానికి బసిలికా హోదా వచ్చింది. నవంబరు ఉత్సవంలో అక్కడ కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళలో చాలామంది హిందువులే. మన గుణదలలో ఫిబ్రవరిలో కొండెక్కే జనం లాగే, కడప పెద్ద దర్గాలో చాదర్ పట్టుకుని నిలబడే జనం లాగే. కష్టం వచ్చినప్పుడు ఏ గుమ్మంలోనైనా దండం పెట్టడం ఈ దేశపు మనిషికి అలవాటు. పల్లీలావిడ ‘కర్ దో బేటా’ అన్నది ఆ అలవాటులోంచే. ఆ మాటను మన కుర్రాళ్ళు ఆసక్తి అనుకుంటారు, రిపోర్టులో ‘సువార్తకు స్పందించారు’ అని రాస్తారు. పీర్ల చావడిలో విభూతి పెట్టించుకున్నవాడు ముస్లిం అయిపోయాడని ఎవరైనా రాస్తారా?

చట్టం సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మతమార్పిడి నిరోధక చట్టమేదీ అమల్లో లేదు. తిరుమల లాంటి చోట్ల ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో తెచ్చిన చట్టం ఒకటుంది, అంతే. అందుకని మనవైపు కుర్రాడికి బస్టాండులో కరపత్రం ఇవ్వడమంటే మహా అయితే నలుగురు విసుక్కోవడం. ఉత్తరప్రదేశ్‌లో అలా కాదు. 2020 నవంబరు ఆర్డినెన్సు 2021లో చట్టమైంది. బలవంతం, మోసం, అనుచిత ఒత్తిడి, ప్రలోభాల ద్వారా మతం మార్చడమే కాదు, మార్చే ప్రయత్నం కూడా నేరం. ప్రలోభం నిర్వచనంలో బహుమతి, డబ్బు, ఉద్యోగం, పేరున్న బడిలో ఉచిత చదువుతో పాటు ‘మెరుగైన జీవితం’, ‘దైవాగ్రహం’ కూడా ఉన్నాయి. ఒక సగటు స్వస్థత ప్రార్థనలో ఆ రెండూ లేకుండా రెండు వాక్యాలు చెప్పడం ఎంతమందికి వచ్చు? మార్పిడి మోసంతో జరగలేదని రుజువు చేసుకోవాల్సిన బరువు కూడా ముద్దాయి మీదే. మొదట్లో బాధితులో, వారి దగ్గరి బంధువులో ఫిర్యాదు చేయాలన్న నియమం ఉండేది. 2024 సవరణ ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చని మార్చింది, కొన్ని సందర్భాల్లో శిక్షను యావజ్జీవం దాకా పెంచింది.

ఇందులో ఎక్కడా ‘ప్రార్థన’ నేరమని లేదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించడంతో పాటు ప్రచారం చేసుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆ ‘ప్రచారం’ అనే మాట మీద పెద్ద చర్చే జరిగింది, ఒరిస్సా సభ్యుడు లోకనాథ్ మిశ్రా ఒప్పుకోలేదు, అయినా మాట నిలిచింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ప్రచార హక్కు అంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదని గీత గీసింది. 2023 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు బైబిలు పంచడం, మంచి మాటలు బోధించడం, ఊరికి భోజనం పెట్టడం ప్రలోభం కిందికి రావని చెప్పింది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఫతేపూర్‌లో ఈ చట్టం కింద పెట్టిన పలు కేసులను కొట్టేసింది. ఫిర్యాదు చేసే అర్హత అప్పటి చట్టం ప్రకారం ఎవరికుంది అన్నది అందులో ఒక ముఖ్యాంశం. అంటే ఈ దారిలో న్యాయం దొరకదని కాదు. 2022లో పెట్టిన కేసు 2025లో పోయింది, దొరకడానికి పట్టిన కాలం అది. మధ్యలో జైలు, బెయిలు, వకీలు ఫీజు, ఇల్లు ఖాళీ చెయ్యమనే యజమాని. ఘాజియాబాద్‌లోనే 2023 ఫిబ్రవరిలో ఇందిరాపురం పోలీసులు ఒక పాస్టరునూ ఆయన భార్యనూ ఈ చట్టం కింద అరెస్టు చేశారు. ఇలాంటి వార్త వచ్చిన వారం చుట్టుపక్కల అద్దె హాళ్ళలో తాళాలు పడతాయి.

విదేశాల నుంచి వచ్చే తెలుగువాళ్ళకు ఇంకో చిక్కుంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు పిల్లల్ని తీసుకొచ్చి, అమ్మమ్మగారింట్లో వారం, ‘నార్త్ ఇండియా ఫీల్డ్’లో నాలుగు రోజులు అని ప్లాను వేసుకుంటున్నారు. విదేశీ పౌరులు ఏ వీసా మీద వచ్చినా చర్చికి పోవచ్చు, ప్రసంగం వినవచ్చు. మతబోధ చేయడం, ఆరాధనాస్థలాల్లో ఉపన్యాసాలివ్వడం, కరపత్రాలు పంచడం మాత్రం కూడదు. ఓసీఐ కార్డు ఉంటే మనమూ ఇక్కడివాళ్ళమే అనుకుంటారు, కానీ 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం మిషనరీ పనికి వాళ్ళూ ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పద్నాలుగేళ్ళ పిల్ల రోడ్డు మీద ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తే అది బోధ అవుతుందా కాదా అని పోలీస్ స్టేషన్లో కూచుని తేల్చుకోవాలని ఎవరికైనా సరదాగా ఉంటే తప్ప, ఆ పిల్లను చర్చి లోపలే కూచోబెట్టడం మంచిది.

ఇంతకీ అపరిచితులు చేసే ప్రార్థన పనిచేస్తుందా? దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు. 2006లో అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ బృందం ఆరు ఆసుపత్రుల్లో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద అధ్యయనం ప్రచురించింది. ప్రార్థించేవాళ్ళకు రోగి మొదటి పేరు, ఇంటిపేరులో ఒక అక్షరం మాత్రమే ఇచ్చారు. మీకోసం ప్రార్థన జరగొచ్చు, జరగకపోవచ్చు అని చెప్పినవాళ్ళలో, ప్రార్థన జరిగినవాళ్ళకు 52 శాతం, జరగనివాళ్ళకు 51 శాతం చిక్కులు వచ్చాయి. తేడా లేనట్టే. మీ కోసం కచ్చితంగా ప్రార్థిస్తున్నారు అని తెలిసినవాళ్ళలో మాత్రం 59 శాతం. ‘నా పరిస్థితి ప్రార్థనల దాకా వచ్చిందా’ అనే గాబరా కావచ్చునని ఒక వివరణ. దీన్ని చూపించి నాస్తికులు చప్పట్లు కొట్టారు, విశ్వాసులు దేవుణ్ణి ప్రయోగశాలలో కూచోబెట్టలేమన్నారు. దగ్గరగా నిలబడి, చెయ్యి వేసి చేసే ప్రార్థన వేరే సంగతి అని 2010లో కాండీ బ్రౌన్ బృందం మొజాంబిక్‌లో చూపు, వినికిడి లోపాలున్న 24 మంది మీద పరీక్ష చేసి మెరుగుదల ఉందని రాసింది. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు కాబట్టి ఆ మాట బరువు తక్కువ. నాకు వీటన్నిటిలోనూ పనికొచ్చేది ఆ 59 శాతమే. ప్రార్థన సంగతి మనిషికి తెలియజెయ్యడం కూడా ఒక పనే, దానికీ ఫలితం ఉంటుంది, అది ఎప్పుడూ మంచిదే అయి ఉండదు. ఆసుపత్రి గేటు దగ్గర బంధువు కోసం కూచున్నవాణ్ణి ఒక గుంపు చుట్టుముట్టి గట్టిగా ప్రార్థిస్తే వాడికి లోపలి మనిషి బతకడనే అర్థం తగలొచ్చు.

మందు మానెయ్యమని చెప్పేవాళ్ళ గురించి ఒక్క మాటే. వాళ్ళను సంఘాలే ఆపాలి. మంత్రాలు, తాయెత్తులతో రోగాలు నయమవుతాయని ప్రకటనలివ్వడాన్ని 1954 చట్టం ఎప్పుడో నిషేధించింది. 2024లో అస్సాం ‘మాంత్రిక చికిత్స’ మీద చట్టం చేస్తే అది తమ ప్రార్థనల మీదికే వచ్చిందని అక్కడి క్రైస్తవులు ఆందోళన పడ్డారు. వాళ్ళ భయం న్యాయమైనదే. కానీ ‘స్వస్థత మహాసభలు’ పోస్టర్ల మీద ఎగిరిపడే ఊతకర్రల బొమ్మలు వేసినవాళ్ళు ఆ భయానికి కొంత ముడిసరుకు అందించారు.

క్రైస్తవ లోకం ఈ ప్రశ్నల్ని పట్టించుకోలేదంటే అన్యాయం. 2011 జూన్‌లో జెనీవాలో ప్రపంచ సంఘాల మండలి, వాటికన్, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి కలిసి, బహుమత సమాజంలో సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం విడుదల చేశాయి. ఈ మూడు వర్గాలు ఒక కాగితం మీద సంతకం పెట్టడమే విశేషం. అందులో స్వస్థత పరిచర్య గురించి విడిగా ఒక అంశముంది. మనుషుల నిస్సహాయతను వాడుకోకుండా జాగ్రత్తపడాలని దాని సారం. మన బృందాల చేతికిచ్చే ఫైలులో ఆ పత్రం ఎప్పుడైనా కనబడిందా? అసలు అంత దూరం కూడా పోనక్కర్లేదు. కొండమీది ప్రసంగంలో యేసు వీధి మూలల్లో నలుగురికీ కనిపించేలా ప్రార్థించేవాళ్ళను తప్పుపట్టి, గదిలోకి పోయి తలుపు వేసుకోమన్నాడు. యెరికో దారిలో కేకలు పెట్టిన గుడ్డి బిచ్చగాడి విషయంలో అయితే, వాడికేం కావాలో కళ్ళెదుట కనబడుతూనే ఉన్నా, నీకేం చెయ్యాలని వాణ్ణే అడిగాడు. వీధి సువార్త చేసేవాళ్ళు మొదటి చోటును దాటేసి పోతారు, వ్యతిరేకించేవాళ్ళకు రెండోది తెలియదు.

మిషన్ ట్రిప్ వల్ల వెళ్ళొచ్చినవాడి జీవితం మారిపోతుందనేది ఇంకో పెద్ద సమర్థన. మిచ్ తుఫాను తర్వాత హోండురాస్‌లో ఇళ్ళు కట్టడానికి వెళ్ళొచ్చిన ఉత్తర అమెరికా బృందాల్ని కర్ట్ వెర్ బేక్ అనే సమాజ శాస్త్రవేత్త పరిశీలించి 2006లో ప్రచురించాడు. వెళ్ళొచ్చినవాళ్ళు ఇచ్చే విరాళాల్లో, వాళ్ళ అలవాట్లలో నిలిచిన మార్పు పెద్దగా కనబడలేదు. మన కుర్రాళ్ళ మీద అలాంటి లెక్క తీస్తే ఎలా ఉంటుందో గానీ, నేను చూసిన ఆ నలుగురిలో తెలుగులో ప్రార్థించినవాడికి మాత్రం ఆవిడ చేతులు జోడించి నిలబడ్డ తీరు గుర్తుంటుందని అనుకుంటున్నాను. ప్రార్థన ముగిసేసరికి అతని గొంతు వణికింది. చలికి కాదు.

ఆ రాత్రి బృందం దిగింది నాకు తెలిసిన ఒక చిన్న సంఘం హాల్లో. అక్కడి పాస్టరు తెలుగాయనే, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. పిల్లలకు తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. వీళ్ళు రైలెక్కి వెళ్ళిపోయాక పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొస్తే ఎత్తాల్సింది ఆయన, గల్లీలో గుచ్చి గుచ్చి చూసే చూపుల మధ్య కూరగాయలు కొనాల్సింది ఆయన భార్య. పప్పు, అన్నం అయ్యాక ఆయన కుర్రాళ్ళను నోట్‌బుక్ చూపించమన్నాడు. రెండు పేజీల పేర్లు, నంబర్లు. వేలు పెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చాడు.

‘బాబూ, ఇదిక్కడ వదిలేసి వెళ్ళు. వాళ్ళంతట వాళ్ళు వస్తే మాట్లాడతాను. నేనై ఫోను చెయ్యను.’

‘ఫాలో అప్ ఉండాలి కదా అయ్యగారూ.’

‘ఇదిగో, ఈవిడకి ఎలా చేస్తావు? తొమ్మిదే అంకెలున్నాయి.’

కుర్రాడు తల వంచి చూశాడు. పక్కవాళ్ళు నవ్వారు.

‘మరి ఊళ్ళో రిపోర్టు అడుగుతారండీ. ఏం రాయమంటారు?’

‘పల్లీలు పెట్టిందన్నావుగా. తిన్నామని రాయి.’